తండ్రి తొట్టి, కొడుకు లెక్క

మూడు తరాలుగా చెన్నైలో స్థిరపడిన కుటుంబం మాది. మూడేళ్ల కిందట మా మనుమరాలి పుట్టినరోజుకు చేపల తొట్టి కొందామనుకున్నాను. రంగు చేపలకు ఈ ఊళ్లో కొళత్తూరు పేరుమోసిన చోటు. అక్కడినుంచి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అద్దాల తొట్టి, ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు తెచ్చాను. ఆ సాయంత్రమే కుళాయి నీళ్లు నింపి చేపల్ని వదిలాను. వాటికి ఆకలేస్తుందని పిల్ల గంటగంటకూ మేత వేసింది. నేనూ వద్దనలేదు.

మూడోనాటికి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లూ ఫిల్టరు స్పాంజీ కుళాయి కింద తోమి కడిగాను. పది రోజుల్లో ఏడు చేపలు పోయాయి. "నీళ్లలో పుట్టినదానికి నీళ్లు పడకపోవడమేంటి తాతా?" అంది పిల్ల. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో ఖాతాలు సరిచూస్తున్న నా దగ్గర జవాబు లేదు.

వెతికితే ఆ జవాబు రెండు తరాల చరిత్రగా దొరికింది.

రాబర్ట్ వారింగ్టన్ లండనులో రసాయన శాస్త్రవేత్త. 1849లో ఆయన పన్నెండు గ్యాలన్ల పాత్రలో ఇసుక, నీటిమొక్కలు వేసి రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. పన్నెండు గ్యాలన్లంటే సుమారు 54 లీటర్లు. ఇంచుమించు మా తొట్టి పరిమాణమే. చేపలు వదిలిన వాయువు మొక్కలకు, మొక్కలు వదిలిన ప్రాణవాయువు చేపలకు. జమాఖర్చులు సరిపోతాయని ఆయన ఊహ. కాని ఆకులు కుళ్లి నీళ్లు మురికిపట్టాయి. ఆయన నాలాగా నీళ్లు పారబోయలేదు. అయిదారు నీటినత్తలను వదిలాడు. అవి కుళ్లిన ఆకులు తినేశాయి, నీళ్లు తేటపడ్డాయి. 1850లో ఈ సంగతి వ్యాసంగా ప్రకటించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల శాల తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం ఇంగ్లండు ఇళ్లలోకి నడిచింది.

అయితే ఖాతాలో ఒక పద్దు మిగిలే ఉంది. చేపల విసర్జనలనుంచీ, మిగిలిన మేతనుంచీ పుట్టే అమ్మోనియా ఏమవుతుంది? దాని లెక్క తేల్చినవారిలో ముఖ్యుడు వారింగ్టన్ కొడుకే. అతని పేరూ రాబర్టే. చేపల కోసం కాదు, పొలాల కోసం. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయంలో పనిచేస్తూ, సూక్ష్మజీవులు అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తాయనీ, ఒక్కో మెట్టుకు ఒక్కో జాతి ఉందనీ చూపాడు. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను విడదీశాడు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషం. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. మొక్కలు దాన్ని ఎరువుగా వాడుకుంటాయి.

ఈ సూక్ష్మజీవులు రాళ్లమీద, స్పాంజిలో కాపురముంటాయి. కొత్త తొట్టిలో అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ వాటిని చంపుతుంది. అంటే శుభ్రం పేరుతో నేను తోమి పారేసింది మురికిని కాదు, పనివాళ్లను. కొళత్తూరులో ఓ ముసలాయన సగం అరవం, సగం తెలుగు కలిపి ఇదే అన్నాడు: "నీళ్లకి వయసు రావాలి సార్."

ఆరు వారాలు ఓపిక పట్టాను. క్లోరిన్ విరిచిన నీటితో వారానికి పావు వంతే మార్చాను. స్పాంజిని తొట్టినుంచి తీసిన నీళ్లలోనే పిండాను. ఆ తరవాతే మిగిలిన ఒక్క చేపకు జతగా మరొకటి తెచ్చాను. ఇప్పుడున్నవి రెండే, వారింగ్టన్ లెక్క ప్రకారం.

మేత పద్దు పుస్తకం మనుమరాలిది: తేదీ, చిటికెడా, అరచిటికెడా. తెలుగులోనే రాయాలన్నది నా షరతు. బడిలో లేని అక్షరాలు కదా, ఒత్తులు తప్పుతూనే ఉంటాయి. దిద్దుతూనే ఉన్నాను, తొందరపడకుండా.