వెలుగు, విరామం, ప్రకృతి: ఆవెర్‌కాంప్ శీతాకాల చిత్రానికి ఒక వ్యాఖ్యానం

1566లో నెదర్లాండ్స్ పట్టణాలలో జనం ఆలయ ప్రతిమలను పగులగొట్టారు. అంతకు మూడేళ్ల ముందు వెలువడిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, పామరులకు గ్రంథాలుగా ఆలయంలో బొమ్మలు ఉండరాదని 98వ ప్రశ్నలో బోధించింది. అయితే 1561 నాటి బెల్జిక్ విశ్వాస ప్రమాణం రెండవ అధికరణం సృష్టినే ఒక గ్రంథంతో పోల్చింది. ఆలయంలో పని తగ్గిన చిత్రకారులు ఇండ్ల గోడల కోసం పొలాలను, నదులను చిత్రించసాగారు. ఇందుకు విశ్వాసం ఒక్కటే కారణం కాదు. వర్తకం వలన చిత్రాలు కొనగలవారు కూడా పెరిగారు. మరి ఆ ప్రకృతి చిత్రాలను ప్రసంగాలుగా చదువవచ్చునా?

హెండ్రిక్ ఆవెర్‌కాంప్ (1585–1634) కాంపెన్ పట్టణంలో పెరిగిన మూగవాడు. ఆయన సుమారు 1608లో గీసిన శీతాకాల చిత్రం నేడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. గడ్డకట్టిన నీటిపై జనం జారుతూ, పడుతూ, కర్రలతో బంతి ఆడుతూ కనిపిస్తారు. ముందుభాగంలో ఎడమవైపు పాత తలుపుతో చేసిన పక్షుల ఉచ్చు ఉంది. దగ్గరలోనే ఒక జంతు కళేబరం ఉంది.

ఈ వివరాలను కొందరు నైతిక హెచ్చరికగా చదివారు. ప్రసంగి 9:12లోని ఉరిలో చిక్కిన పక్షుల పోలిక మనకు వెంటనే తోస్తుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రాలలో దాగిన నీతిని ఎడ్డీ డి యోంగ్ వెదకగా, కంటికి కనబడేదాన్ని వర్ణించడమే ఆ కళ లక్షణమని స్వెత్లానా ఆల్పెర్స్ 1983లో వాదించారు.

చిత్రంలోని విరామాన్ని కూడా చరిత్రలో ఉంచి చూడాలి. 1607–08 చలికాలం ఐరోపాలో మిక్కిలి కఠినమైనది. కాలువలు గడ్డకడితే పడవలు నిలిచిపోతాయి. కలవారికి వినోదమైన మంచు, పడవవానికి పని లేని దినం. కాబట్టి ఈ జనాన్ని సోమరులనడం తొందరపాటు తీర్పు.

ఇక వెలుగు. అది ఏ ఒక్కరిపైనా ప్రత్యేకంగా నిలువదు. ఖరీదైన దుస్తులవారిపై, కూలివారిపై, పడినవారిపై సమానంగా పరచుకొని, దూరాన ఆకాశంతో కలిసిపోతుంది. దీనిని మత్తయి 5:45కు చిత్రరూపమని చెప్పడానికి చిత్రకారుని సాక్ష్యమేదీ లేదు. ఆ వచనం తెలిసిన పాఠకునికి అది స్ఫురించడం వేరు, చిత్రకారుడు దానినే ఉద్దేశించాడనడం వేరు.

ఉచ్చు హెచ్చరిక కావచ్చు. పల్లెవారు పక్షులను పట్టే సాధనం కూడా. ఉపమానంలోని ప్రతి వస్తువుకూ గూఢార్థం వెదికే బోధకుడు కథను పోగొట్టుకొంటాడు. అలాగే ప్రతి వివరాన్నీ సంకేతంగా మార్చే వ్యాఖ్యాత ఆ మంచును, ఆ మనుష్యులను పోగొట్టుకొంటాడు. సృష్టి ఒక గ్రంథమైతే, అర్థం చెప్పకముందు అక్షరాన్ని సరిగా చూడడం చదువరి బాధ్యత.