ఎర్తింగ్ తీగ (ఎలక్ట్రానిక్స్ పనిబల్ల)

ఎలక్ట్రానిక్స్ పనిబల్ల ముందు కూర్చున్న మనిషి ఒంటిమీద పోగయ్యే స్థిర విద్యుత్తును నేలలోకి దించే సన్నని తీగ ఇది. టెలిఫోన్ రిసీవరు తీగలా మెలికలు తిరిగి సాగుతుంది. ఒక కొస మణికట్టుకు కట్టుకునే రిస్ట్ స్ట్రాప్‌కు ప్రెస్ బటన్‌తో అంటుకుంటుంది. రెండో కొసను బనానా ప్లగ్‌తోనో క్రొకొడైల్ క్లిప్‌తోనో ఎర్త్ పాయింటుకు తగిలిస్తారు.

విద్యుత్తు ఒక వస్తువు నుంచి మరో వస్తువుకు పాకుతుందని స్టీఫెన్ గ్రే 1729లో చూపాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలు ఎర్తింగ్ అక్కర ఎక్కువగా పిడుగుల నుంచి, నిప్పురవ్వల నుంచి కాపాడుకోవడానికే. పేలుడు మందుల కర్మాగారాల్లోనూ, ఈథర్ వాడే ఆపరేషన్ గదుల్లోనూ విద్యుత్తును పోనిచ్చే నేలలు, చెప్పులు వచ్చాయి. రేడియో వాల్వుల కాలంలో మెకానిక్ చేతికి పట్టీ అవసరం పడలేదు.

పరిస్థితిని మార్చింది మాస్ (మెటల్-ఆక్సైడ్-సెమీకండక్టర్) ట్రాన్సిస్టరు. 1959లో బెల్ ల్యాబ్స్‌లో మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ దీన్ని రూపొందించారు. దీని గేటు (కరెంటును అదుపుచేసే కొస) కింద ఉండే గాజులాంటి పొర మందం తొలి రోజుల్లో మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. వంద వోల్టుల ప్రాంతంలోనే దానికి చిల్లు పడుతుంది. నైలాన్ చొక్కా తొడుక్కుని పొడి గాలిలో నాలుగడుగులు వేస్తే ఒంటిమీద వేల వోల్టులు చేరతాయి. సుమారు మూడు వేలు దాటితే గాని చురుక్కుమన్న సంగతి మనిషికి తెలియదు. అంటే చేతికి తెలియకుండానే చిప్ చచ్చిపోతుంది. ఇంకా చెడ్డది, సగం దెబ్బతిని పరీక్షలో నెగ్గి, కొన్నాళ్లకు కొన్నవారింట్లో ఆగిపోతుంది. అందుకే 1960లలో కొన్ని మాస్ ట్రాన్సిస్టర్లను కాళ్లన్నిటినీ కలుపుతూ చిన్న తీగ చుట్ట బిగించి అమ్మేవారు. టంకం పెట్టడం పూర్తయ్యాకే దాన్ని లాగేయాలి.

1968లో ఆర్‌సీఏ సంస్థ సీమాస్ (జంట మాస్ ట్రాన్సిస్టర్ల) చిప్పులను విపణిలోకి తెచ్చాక బెడద విస్తరించింది. 1979లో అమెరికాలోని డెన్వర్‌లో ఈ అంశంపై తొలి సదస్సు జరిగింది. 1980లో అమెరికా రక్షణశాఖ ప్రమాణం, 1982లో ఈఎస్‌డీ (స్థిర విద్యుత్ ఉత్సర్గం) అసోసియేషన్, 1999లో దాని ఎస్20.20 ప్రమాణం వచ్చాయి.

ఈ తీగలో మెచ్చుకోదగ్గ భాగం బటన్ దగ్గర దాగిన ఒక మెగాఓము రెసిస్టరు. పొరపాటున 230 వోల్టుల లైన్ తగిలినా ఒంట్లోంచి పోయే కరెంటు 0.23 మిల్లీఆంపియర్లే. అది ప్రాణాపాయానికి చాలా దిగువ. స్థిర విద్యుత్తు మాత్రం రెప్పపాటు కంటే ముందే దిగిపోతుంది. వస్తువును కాచే పరికరంలోనే మనిషినీ కాచిన తెలివైన ఏర్పాటిది.

పట్టీ చర్మానికి తగలాలి, చొక్కా చేతి మీద కడితే పనిచేయదు. తీగ లోపల తెగితే పైకి కనబడదు కనుక రోజూ పనికి ముందు పరీక్షిస్తారు. కట్టుకున్న మనిషితో కలిపి నిరోధం 35 మెగాఓములు మించకూడదు. పిక్చర్ ట్యూబు టీవీల వంటి అధిక వోల్టేజి సర్క్యూట్లను కరెంటు ఉండగా బాగుచేసేవారు దీన్ని కట్టుకోకూడదు.