తల్లితనము - తాలీము : అలీగఢ్ నుంచి ఒక చరిత్ర

ఆడపిల్లకు చదువు కావాలా వద్దా అనే తగాదా మన ఇళ్లలో చాలావరకు తీరిపోయింది. ఇప్పుడున్న తగాదా వేరు. పెళ్లయి, ఒడిలో బిడ్డ పడ్డాక ఆ చదువు ఏమి కావాలి? ఎం.ఎస్‌సి. సగంలో ఉన్న కోడలు, బి.ఎడ్. సీటు వచ్చిన కూతురు, పిహెచ్.డి.కి పేరు నమోదు చేసుకొన్న చెల్లెలు - వీరి పుస్తకాలు అటక ఎక్కుతున్నాయి. "బిడ్డను ఎవరు చూస్తారమ్మా?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరకకనే ఇదంతా. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే మాకు ఈ ప్రశ్న కొత్త కాదు. చరిత్రకూ కొత్త కాదు. నూరేళ్లకు పూర్వం ఒక తల్లి దీనికి ఎలా జవాబు వెతుక్కొన్నదో సొసైటీ సభ్యులకు, ముఖ్యంగా ఇళ్లలోని అమ్మీలకు, దాదీలకు తెలియజేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆమె పేరు వహీద్ జహాన్ బేగం. ఢిల్లీ కుటుంబం. బడి ముఖం చూసినవారు కారు, ఇంట్లోనే చదువుకొన్నారు. 1902లో అలీగఢ్ వకీలు షేక్ అబ్దుల్లాతో నికాహ్ అయింది. (ఈయన వేరు, కాశ్మీరు నాయకుడు షేక్ అబ్దుల్లా వేరు. పేరు చూసి పొరబడేవారు ఎందరో!) అప్పటికి అలీగఢ్‌లో మగపిల్లల కాలేజీ పేరుమోసింది గాని ఆడపిల్లలకు ఏమీ లేదు. ముందు మగపిల్లలు చదవాలి, తర్వాత చూద్దాము అన్నది సర్ సయ్యద్ గారి అభిప్రాయం. అంత పెద్ద మనిషి మాటను కాదనడం తేలిక కాదు గదా! భార్యాభర్తలు ముందు 1904లో 'ఖాతూన్' అనే మాసపత్రిక పెట్టి జనం మనసు కదిలించ చూశారు. తర్వాత 1906 అక్టోబరు 19న బడి తెరిచారు. ఐదుగురు పిల్లలు, ఒక ఉస్తానీ. చెప్పేది ఉర్దూ, ఖురాన్. అంతే.

ఇక్కడ ఒక్క లెక్క గమనించండి. వారి తొలి సంతానం రషీద్ జహాన్ పుట్టింది 1905 ఆగస్టులో. అంటే బడి తెరిచిననాటికి ఆ తల్లి చంకలో ఏడాది దాటిన పాప ఉన్నది. పిల్లలు పెద్దవారయ్యాక చూద్దాము అని ఆమె అనుకొని ఉంటే ఆ బడి పుట్టేది కాదు, ఎందుకంటే తర్వాత కూడా ఆ ఇంట్లో పిల్లలు పుడుతూనే ఉన్నారు. ఖుర్షీద్ అనే కూతురు పుట్టింది 1918లో!

పరదా రోజులు అవి. పిల్లలు నడిచి బడికి రావడానికి వీలు లేదు. డోలీలు, మోసే బోయీలు - ఇదంతా ఖర్చు. పాఠం చెప్పే ఆడమనిషి దొరకడమే గగనం. అయినా బడి నిలిచింది. అసలు కష్టం హాస్టలు దగ్గర వచ్చింది. పై ఊళ్ల పిల్లలు రావాలంటే ఉండే చోటు కావాలి. 1911లో పునాదిరాయి వేశారు, 1914లో భోపాల్ రాణి సుల్తాన్ జహాన్ బేగం దాన్ని ప్రారంభించారు. కట్టడం లేచింది సరే, కన్నపిల్లను ఎవరు పంపుతారు? ఆడపిల్లను పరాయి ఊళ్లో రాత్రి పడుకోనివ్వడం అప్పటి షరీఫ్ ఇళ్లలో ఊహకందని మాట.

అప్పుడు వహీద్ జహాన్ బేగం చేసిన పని ఏమిటంటే, తన పిల్లలను వెంటబెట్టుకొని తానే హాస్టలుకు మకాం మార్చారు. తన కూతుళ్లు, ఊరి పిల్లలు ఒకే కప్పు కింద! పిల్లలు ఆమెను 'ఆలా బీ' అన్నారు. వకీలు గారు 'పాపా మియా' అయ్యారు. తల్లిదండ్రులు బిడ్డను పంపింది బడిని చూసి కాదు, ఆ తల్లిని చూసి అని మా అభిప్రాయం. చదువుకు అడ్డమని మనం అనుకొనే తల్లితనమే అక్కడ చదువుకు జామీను నిలిచింది. సొంత పిల్లలకు తల్లి వాటా కొంత తగ్గే ఉంటుంది. కాదనలేము. హాస్టలు నిండా కూతుళ్లున్న అమ్మీ ఒక్క కూతురికే ఎంతసేపని దొరుకుతుంది? ఆ మూల్యం పిల్లలు కూడా చెల్లించారు.

చెల్లించి ఏమయ్యారు? రషీద్ జహాన్ ఢిల్లీలో లేడీ హార్డింజ్ కాలేజీలో వైద్యం చదివి డాక్టరయ్యారు. కథలు రాశారు. 1932లో 'అంగారే' అనే సంపుటిలో ఆమె రచనలు వచ్చినప్పుడు పెద్ద దుమారమే లేచింది, ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆ రాతలతో మనం ఏకీభవించనక్కరలేదు. మరో కూతురు ముంతాజ్ జహాన్ తల్లి పెట్టిన సంస్థకే చాలా ఏళ్లు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఐదుగురితో మొదలైన బడి 1937 నాటికి డిగ్రీ తరగతులు నడిపే కాలేజీ అయింది. 1939లో ఆలా బీ కన్నుమూశారు. పాపా మియాకు 1964లో పద్మభూషణ్ ఇచ్చారు. మరుసటి ఏడు ఆయనా పోయారు. బిరుదు భర్తకు వచ్చింది గాని రాత్రిళ్లు పిల్లల జ్వరాలు చూసిన చేయి వేరే అని చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ భర్త ఎదురు నిలిచి ఉంటే? ఆ సంగతీ ఆలోచించాలి. భార్య సంసారాన్ని హాస్టలుకు మారుస్తానంటే తానూ 'సరే' అన్న మగవాడు 1914లో ఎంత అరుదో, నేడు అంత అరుదు కాకపోయినా, మరీ సులభంగా దొరకడు.

అందరికీ అటువంటి తోడు దొరకలేదు. బెంగాలులో బేగం రొకేయాకు పుట్టిన ఇద్దరు ఆడబిడ్డలూ పసితనంలోనే పోయారు, 1909లో భర్తా పోయారు. ఆమె 1911లో కలకత్తాలో ఎనిమిది మంది పిల్లలతో బడి పెట్టి, 1932లో చనిపోయేదాకా దాన్నే సాకారు.

మన హైదరాబాదు సంగతికి వస్తే, ఇమాదుల్ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ కుమార్తె తయ్యిబా బేగం ఉన్నారు. ఈ దేశంలో బి.ఏ. పట్టం అందుకొన్న తొలి ముస్లిం స్త్రీలలో ఒకరు. ఖదీవ్ జంగ్ గారి భార్య, పిల్లల తల్లి. ఇంటి పని చూసుకొంటూనే స్త్రీల సంఘాలు నడిపారు. ఆమె కుమార్తె మాసూమా బేగం 1952లో శాలిబండ నుంచి శాసనసభకు ఎన్నికై, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. చదివే తల్లి ఒడిలో పెరిగిన బిడ్డ చెడిపోతుందనేవారు ఈ ఇంటిని ఒకసారి చూడాలి. మొత్తంమీద, వీరిది కలిగిన ఇల్లు, నౌకర్లు ఉన్న ఇల్లు అనే మాట కూడా నిజమే. మన సభ్యులలో ఆటో నడిపేవారు, టైలర్లు, చిల్లర దుకాణాలవారు ఉన్నారు. వారి కోడలికి ఆయా దొరకదు. దొరికేది అత్త ఒక్కతే.

చట్టం కొంత కదిలింది. 1961 నాటి ప్రసూతి చట్టంలోని 12 వారాల జీతంతో కూడిన సెలవును 2017లో 26 వారాలు చేశారు. పరిశోధన చేసే ఆడవారికి యు.జి.సి. 2016 నిబంధనలలో గడువు మీద మరో రెండేళ్లు, కాన్పుకు, శిశుపోషణకు 240 రోజుల సెలవు ఇచ్చింది. 2022లో నిబంధనలు తిరిగి రాసినప్పుడు కూడా వీటిని తీసివేయలేదు. ఈ సంగతి తెలియక చదువు మానుకొన్నవారిని మేము ఎరుగుదుము. కాబట్టి పిహెచ్.డి.లో చేరిన బిడ్డలు ఈ కాగితం అడిగి తెలుసుకోవాలి.

ఇక మన సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం తీసి చూడండి. 'చదువులో విరామం ఉండరాదు' అని ఒక షరతు ఉన్నది. మగపిల్లవాడు ఊరికే తిరిగి ఏడాది పోగొట్టుకోకూడదని పెట్టిన షరతు అది. కాని దానికి మొదట తగిలేది బిడ్డను కని రెండేళ్ల తర్వాత తిరిగి పుస్తకం పట్టిన తల్లి. ఆ షరతు పక్కన 'కాన్పు, శిశుపోషణ మినహా' అన్న మూడు మాటలు చేర్చాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం ప్రతిపాదించదలచాము. బలపరచడానికి ఒక సభ్యుడు కావాలి. సభ్యురాలు అయితే మరీ మంచిది.