చెరపడానికి వీల్లేని ఉత్తరాలు

1929లో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలింది. మదుపుదారుల నమ్మకాన్ని తిరిగి నిలబెట్టడానికి అమెరికా 1934లో సెక్యూరిటీస్ ఎక్స్ఛేంజ్ చట్టం చేసింది. దాని కింద వచ్చిన 17ఎ-4 నియమం ప్రకారం, షేర్ బ్రోకరు సంస్థలు తమ వ్యాపార ఉత్తర ప్రత్యుత్తరాలను కనీసం 3 సంవత్సరాలు భద్రపరచాలి. తనిఖీ అధికారి అడిగితే చూపాలి.

కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చాక కొత్త చిక్కు ఎదురైంది. కాగితం మీద దిద్దుబాటు కంటికి కనిపిస్తుంది, కంప్యూటరులో కనిపించకపోవచ్చు. అందుకే 1997లో ఈ నియమాన్ని సవరించారు. రికార్డులను కంప్యూటరులో దాచవచ్చని, కానీ చెరపడానికి, తిరగరాయడానికి వీలుండకూడదని అప్పట్లో నిర్దేశించారు. ఈ అవసరమే ఒక కొత్త వ్యాపారానికి దారి తీసింది. 2001లో ఏర్పడిన స్మార్ష్ వంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆర్థిక సంస్థల ఈమెయిళ్లను, తర్వాతి కాలంలో ఫోన్ సందేశాలను కూడా భద్రపరుస్తున్నాయి.

అయినా మనుషులు పక్కదారి వెతుక్కున్నారు. సొంత ఫోన్లలో, వాట్సాప్‌లో ఉద్యోగులు జరిపిన వ్యాపార సంభాషణలను భద్రపరచనందుకు జేపీ మోర్గాన్ సెక్యూరిటీస్ 2021 డిసెంబరులో 12.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

చరిత్ర విద్యార్థులుగా మీరు గమనించవలసినది ఇదే: రికార్డులో ఉన్నది ముఖ్యమే, కానీ జరిగినదంతా అందులో ఉండదు. ఏ ఆధారాన్ని చదివినా, దాన్ని ఎవరు, ఎవరి కోసం దాచారో, ఏది దాచలేదో అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1997 సవరణ ఎందుకు అవసరమైంది?