ధ్వనిముద్రణలో కంప్రెసర్: పశ్చిమ ప్రకాశం మౌఖిక గేయ సేకరణ దృష్ట్యా ఒక పరిశీలన

రాతి క్వారీలున్న ప్రకాశం జిల్లాలో కంప్రెసర్ అనగానే గుర్తుకు వచ్చేది గాలిని కుదించి డ్రిల్లింగుకు పంపే యంత్రం. ధ్వనిముద్రణలో అదే పేరు గల పరికరం గొంతు ఎత్తుపల్లాలను కుదిస్తుంది. హద్దును మైనస్ 20 డెసిబెల్స్ వద్ద, నిష్పత్తిని 4:1గా అమర్చితే, మైనస్ 8 వరకు లేచిన గొంతు మైనస్ 17 వద్దనే ఆగుతుంది. అంటే హద్దుకు పైన ఉన్న 12 డెసిబెల్స్ 3గా మిగులుతాయి. సినిమా పాటకు ఇది సొగసు కావచ్చు. మౌఖిక సాహిత్య పరిశోధకునికి మాత్రం పోయిన ఆ 9 డెసిబెల్స్ కూడా పాఠంలో భాగమే.

యంత్రం రాకముందు ఈ పనిని మనిషే చేసేవాడు. 1925లో విద్యుత్ ముద్రణ ప్రారంభమయ్యేవరకు గాయకులు గ్రామఫోను కొమ్ము ముందు నిలబడి పాడేవారు. తారస్థాయిని అందుకునేటప్పుడు వెనక్కు జరగవలసి వచ్చేది. మైకు లేని పందిరిలో చివరి వరుసకు వినిపించేలా పద్యం ఎత్తుకోవడం అలవాటైన గొంతులకు ఇది ఎంతటి కట్టడియో ఊహించవచ్చు. రేడియోలో ఆ బాధ్యత మీట తిప్పే ఉద్యోగి చేతిది. ప్రసార యంత్రం తట్టుకోలేని ఎత్తులను తనంతట తానే అణచే వెస్టర్న్ ఎలక్ట్రిక్ 110 పరికరం 1937లో వచ్చింది. కాంతితో పనిచేసే ఎల్‌ఏ-2ఏ 1960ల తొలినాళ్లలోను, బిల్ పుట్నమ్ రూపొందించిన 1176 ఆ దశకం చివరన 1967లోను వచ్చాయి. ఇవన్నీ స్టూడియోల ఆస్తి.

ఇంటి రికార్డింగుకు దారి తీసినది 1979 నాటి టాస్కామ్ పోర్టాస్టూడియో 144. అది క్యాసెట్ మీద నాలుగు ట్రాకులను నమోదు చేసేది. క్యాసెట్‌లో మెల్లని గొంతు టేపు బుసలో మునిగిపోతుంది, హెచ్చు గొంతు చీలిపోతుంది. ఆ ఇరుకులో కంప్రెసర్ అవసరమే అయింది. పాడుతున్నప్పుడే కుదించాలన్న సలహాకు బలం చేకూర్చినది ఈ ఇరుకే. నేటి 24 బిట్ ముద్రణ సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్స్ వ్యాప్తిని ఇస్తుంది. కారణం తొలగిపోయినా సలహా మాత్రం నిలిచి ఉంది.

1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివి. రాయలసీమ పలుకుబడి ఇక్కడి మాటలో నేటికీ వినిపిస్తుంది. నాట్ల పాటలో ఒకరు ఎత్తుకోగా గుంపు అందుకున్నప్పుడు శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ తేడాయే పాట నిర్మాణాన్ని తెలుపుతుంది. శోకగీతంలో పాదాంతాన గొంతు జారిపోవడం అర్థానికి చెందిన విషయం. కంప్రెసర్ మొదటిదానిని చదును చేస్తుంది, రెండవదానిని మాటతో సమానంగా పైకి లేపుతుంది. గొంతు ఆగినచోట వెనుకనున్న ఫ్యాను చప్పుడు, పలకల ఊరైన మార్కాపురంలోనైతే రాయి కోసే యంత్రాల రొద కూడా ఉబికి వస్తాయి. పలక మీది రాతను చెరిపి మళ్లీ రాయవచ్చు. ముద్రణ వేళ కుదించిన గొంతును యథాతథంగా తిరిగి తెచ్చుకోలేము.

అయితే హార్డ్‌వేర్ కంప్రెసర్‌ను పూర్తిగా తోసిపుచ్చనవసరం లేదు. విడుదల కోసం పాడే భజన బృందానికి, వాయిద్యాల నడుమ గొంతు నిలబడడానికి అది ఉపకరిస్తుంది. నిజానికి డిజిటల్ ముద్రణలో ఎక్కువ భయపడవలసినది గరిష్ఠ స్థాయి దాటి గొంతు విరగడానికి. సగటు స్థాయిని మైనస్ 18 చుట్టూ ఉంచి, మైకును కొంచెం దూరం జరిపితే ఆ భయం చాలావరకు తీరుతుంది. సేకరణలో అసలు ఫైలును ముట్టకుండా భద్రపరచి, దాని నకలును తరువాత కంప్రెసర్ గుండా పంపి వినికిడి ప్రతిని తయారు చేసుకోవచ్చు. ముద్రణ వేళనే పరికరం వాడితే గాయకురాలి ఊరు, వయస్సు, పాట సందర్భాలతో పాటు హద్దు, నిష్పత్తి, పట్టు, విడుపు అంకెలను కూడా సేకరణ పత్రంలో నమోదు చేయాలి.