ఎడమ కాలువ మీద తెలుగు క్యాంపులు

కర్ణాటకలోని సింధనూరు, గంగావతి ప్రాంతంలో తిరిగే బస్సుల్లో కండక్టరు పిలిచే ఊళ్ల పేర్లు రెండు రకాలుగా వినిపిస్తాయి. జవళగేర, కారటగి లాంటివి తరాల నాటి పేర్లు. గాంధీనగర్, శ్రీరామనగర్ లాంటివి కొత్తవి. వాటితోపాటు ఫలానా ఊరి పక్కన వెలసింది కాబట్టి ‘ఫలానా క్యాంపు’ అని పిలిచే ఊళ్లు అనేకం. క్యాంపుల్లో ఇంట తెలుగు, బజారులో కన్నడ, చుట్టూ వరిచేలు. తుంగభద్ర ఎడమ కాలువలోకి నీళ్లు వదలక ముందు ఈ ఊళ్లు లేవు, ఈ వరీ లేదు. రాయచూరు జిల్లాలో చిన్న కమతం రైతు లెక్క ఎక్కడ తప్పిందో, ఎక్కడ కుదిరిందో తెలియాలంటే ఈ క్యాంపుల పుట్టుక తెలియాలి.

రాయచూరుకు తెలుగు కొత్తేమీ కాదు. కోట గోడలో నలభై అడుగులు దాటిన ఒకే బండ మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కాకతీయుల కాలంలో గోర గన్నయ రెడ్డి పేరిట చెక్కించినది. నిజాం రాజ్యంలో గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోనే ఉండేవి. 1956 రాష్ట్రాల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. అయితే ఆ పాత తెలుగువాళ్లు జొన్నచేల తెలుగువాళ్లు. కాలువ వెంట వచ్చినవాళ్లు వేరు. వాళ్లు కృష్ణా, గోదావరి డెల్టాల్లో మాగాణి చేసిన కుటుంబాలవాళ్లు.

కృష్ణకు, తుంగభద్రకు నడుమనున్న ఈ అంతర్వేది కోసం విజయనగరం, బహమనీ రాజ్యం, బిజాపూరు తరతరాలు కొట్టుకున్నాయి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచిన యుద్ధం అందులో ఒకటి మాత్రమే. రెండు పెద్ద నదుల మధ్య ఉండి కూడా ఇది కరువు నేల. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ నమ్మకంగా పడదు. నల్లరేగడిలో నిలిచిన పదును మీద యాసంగి జొన్న, పత్తి, కుసుమ పండించేవాళ్లు. 1871లో బొంబాయి వైపు రైలుమార్గం, మద్రాసు వైపు రైలుమార్గం రాయచూరులోనే కలిశాయి. దాంతో పట్టణం పత్తికి, నూనెగింజలకు పెద్ద బజారైంది. రైతు ఇంట మాత్రం లెక్క మారలేదు. తిండికి జొన్న, శిస్తుకూ అప్పుకూ పత్తి. 1876–78 కరువులో ఆ లెక్క కుప్పకూలింది. తుంగభద్రకు ఆనకట్ట కట్టాలన్న మాట 1860ల నుంచీ ఉన్నా, నదికి అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం ఉండడంతో నీళ్ల వాటా తేలడానికే ఎనభై ఏళ్లు పట్టింది. 1944 జూన్‌లో ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న రెండు ఒడ్డుల్లోనూ శంకుస్థాపనలు జరిగాయి. 1953లో నీళ్లు నిలిపేనాటికి నిజాం పాలన పోయి హైదరాబాదు భారతదేశంలో కలిసింది.

ఎడమ కాలువ 227 కిలోమీటర్ల పొడవు. ఆయకట్టు సుమారు 6 లక్షల ఎకరాలు, ఇప్పటి కొప్పళ, రాయచూరు జిల్లాల్లో ఉంది. 1997లో కొప్పళ విడిపోయేదాకా అంతా రాయచూరు జిల్లాయే. ఈ కాలువను తీర్చిదిద్దిన ఇంజనీర్ల ఉద్దేశం వరి పండించడం కాదు. కరువు ప్రాంతానికి నీళ్లు పలుచగా, వీలైనంత ఎక్కువ మందికి పంచాలి. ఒక ఎకరం వరికి పోసే నీళ్లతో రెండు మూడెకరాల జొన్ననో, పత్తినో, వేరుశనగనో గట్టెక్కించవచ్చు. అందుకే ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో కాగితం మీద ముందే నిర్ణయించారు. అధికారులు దాన్ని లోకలైజేషన్ అన్నారు. అత్యధిక భాగం ఆరుతడి పంటలకు, అదీ చాలాచోట్ల ఏడాదికి ఒక్క కారుకే. వరికి, చెరకుకు కేటాయించింది కొద్ది భాగం. తూముల కొలతలు, కాలువల వెడల్పు ఆ లెక్క మీదే కట్టారు. కాగితం మీద ఇది న్యాయమైన పథకం. కరువు చూసిన ప్రాంతంలో పదిమందికి కొంచెం అన్నది, ఒకరికి బోలెడు అన్నదానికంటే మేలైన ఆలోచనే.

కానీ ఈ ఆలోచన ఒక మాట మరిచింది. ఆరుతడి పంట వేసిన రైతుకు మిగిలేది వరి వేసిన రైతుకంటే తక్కువైతే, నష్టాన్ని తానే భరిస్తూ దిగువవాడి కోసం నీళ్లు వదలమని అతన్ని అడగడమే ఆ పథకం. బొంబాయి దక్కనులో నీరా కాలువకూ ఇదే జరిగింది. కరువు నుంచి కాపాడాలని తవ్విన ఆ కాలువ నీళ్లను చెరకు లాగేసుకుంది. ఆ పాఠం కళ్ల ముందు ఉండగానే తుంగభద్ర లెక్క వేశారు.

నీళ్లొచ్చిన తొలి ఏళ్లలో కాలువ పక్క ఊళ్లలో చాలామంది వాటిని వాడలేదు. రేగడి నేలకు నీరు పెడితే పాడవుతుందన్న భయం ఒకటి. అసలు కారణం డబ్బు. ఏటవాలుగా ఉన్న మెట్టను మళ్లుగా కోసి, చదును చేసి, గట్లు వేయాలంటే పెట్టుబడి కావాలి. మొదటి రెండు మూడు పంటలు సరిగా రాకపోయినా తట్టుకునే నిలవ కావాలి. ఐదారు ఎకరాల జొన్న రైతుకు ఆ రెండూ లేవు. చదును పనికి అప్పు ఇచ్చే బ్యాంకు ఆ రోజుల్లో పల్లెకు చేరలేదు. పథకం కాలువ తవ్వింది గానీ, కాలువ నుంచి చేనుదాకా ఉన్న ఆ చివరి పనిని రైతు నెత్తిన వదిలేసింది. తర్వాత జరిగిందానికి మూలం అక్కడే ఉంది.

ఆ ఖాళీలోకి డెల్టా రైతు వచ్చాడు. 1850ల తొలి ఏళ్లలో ధవళేశ్వరం ఆనకట్ట, 1855కు బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక వందేళ్లపాటు డెల్టాలో నీళ్లూ, జనమూ, భూమి ధరా కలిసి పెరిగాయి. అన్నదమ్ములు పంచుకుంటే కమతం రెండెకరాలకు వచ్చేది, ఆ రెండెకరాల ధర మాత్రం ఆకాశంలో ఉండేది. ఆ రెండెకరాలు అమ్మితే కాలువ కింద కొత్తగా నీళ్లొచ్చిన మెట్ట నేల ఎన్నో రెట్లు కొనవచ్చు. ఈ దారి వాళ్లకు తెలియనిదేమీ కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక బోధన్, వర్ని వైపు ఇలాగే తరలివెళ్లి వలస ఊళ్లు కట్టుకున్నవాళ్లున్నారు. తుంగభద్ర రెండో మజిలీ అయింది. ఒకరు వచ్చి భూమి చూసి వెళ్తే, బంధువులు వరసగా వచ్చారు. అటుపక్క బళ్లారి జిల్లాలో సిరుగుప్ప, కంప్లి చుట్టూ కూడా ఇదే జరిగింది.

వాళ్లు పాత ఊళ్లలో ఇళ్లు కొనలేదు. కొన్న పొలం మధ్యనో, కాలువ గట్టు దగ్గరో గుడిసెలు వేసుకున్నారు. తాత్కాలికం కాబట్టి క్యాంపు అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. నేల చదునుచేశారు, నారుమళ్లు పోశారు, దమ్ము చేసి నాట్లు వేశారు. తమ ఊళ్ల సార్వా, దాళ్వా రెండు కార్లనూ ఇక్కడికి తెచ్చారు. కష్టం తక్కువ కాదు. మలేరియా కాలం, రోడ్డు లేదు, బడి లేదు, భాష రాదు. ఆ తొలి తరం చెమటను తక్కువ చేసి చెప్పడం అన్యాయం. వాళ్లతో వచ్చిన రెండు వస్తువులను కూడా చెప్పాలి: డెల్టా భూమి అమ్మిన రొక్కం, వందేళ్ల మాగాణి విద్య. స్థానిక జొన్న రైతు దగ్గర లేనివి సరిగ్గా ఆ రెండే.

ఊరి రైతులు ఆస్తిలో కొంత అమ్మి, ఆ డబ్బుతో మిగిలినది చదును చేయించుకున్న సందర్భాలున్నాయి. అప్పు తీర్చడానికి, పెళ్లికి అమ్మిన సందర్భాలు ఇంకా ఎక్కువ. అమ్మినవాడికి ఆ రోజు వచ్చిన ధర పెద్దదిగానే కనిపించి ఉంటుంది. నీళ్ల విలువ ధరలోకి ఎక్కేసరికి భూమి చేతులు మారిపోయింది. క్యాంపును చూసి వరి నేర్చుకున్న స్థానికులూ క్రమంగా పెరిగారు. ఇప్పుడు వరి క్యాంపులవాళ్ల పంట మాత్రమే కాదు, ఆ నేల పంట.

ఒకసారి వరి దిగాక ఆరుతడి లెక్క నిలవదు. పై మడిలో నీళ్లు నిలిస్తే ఊట కింది చేనులోకి దిగుతుంది. కింది రైతు పత్తి వేద్దామన్నా వేరు కుళ్లుతుంది, అతనూ వరికే మారాలి. ప్రభుత్వం ఏ కాగితం మీద ఏం రాసినా, మరో దిక్కు నుంచి అదే ప్రభుత్వం వరినే ప్రోత్సహించింది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది, మద్దతు ధర వచ్చింది, ఎక్కువ దిగుబడి వంగడాలు, ఎరువులు వచ్చాయి. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఈ కాలువ కింద కూడా పాకింది. సింధనూరు, కారటగి, గంగావతి, మాన్విలో రైస్ మిల్లులు లేచాయి. గంగావతికి కర్ణాటక ‘భత్తద కణజ’ అనే పేరు వచ్చింది, వడ్ల గాదె అని. జొన్నకు అలాంటి మిల్లు లేదు, అలాంటి వ్యాపారి లేడు, అలాంటి ధర హామీ లేదు. అనుమతి లేని పంటకు ఎక్కువ నీటి పన్ను వేసే నిబంధన ఉన్నా, ఎకరాల కొద్దీ వరి తలలూపుతుంటే అది అమలయ్యే మాట కాదు.

నష్టం కాలువ చివరికి చేరింది. మాన్వి, సిరివార, రాయచూరు తాలూకాల్లో ఆయకట్టు పటంలో ఉంది, చేలో నీళ్లు లేవు. పై భాగంలో తూము పెద్దది చేసినా, రాత్రి అడ్డుకట్ట వేసినా అడిగేవాడు లేడు. చివరి రైతు ధర్నాకు కూర్చుంటే నాలుగు రోజులు నీళ్లు దిగుతాయి, మళ్లీ ఆగిపోతాయి. డచ్చి పరిశోధకుడు పీటర్ మోలింగా ఈ కాలువ మీదే ఏళ్ల తరబడి పనిచేసి 2003లో ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ అనే పుస్తకం వెలువరించాడు. నీటి పంపకం ఇంజనీరు లెక్కతో కాక రైతులు, కాలువ సిబ్బంది, ఎమ్మెల్యేల మధ్య నిత్యం జరిగే బేరసారాలతో నడుస్తుందని అందులో చూపాడు. ఎగువ రైతు బలం అతని చేను ఉన్న చోటు వల్ల వచ్చింది. ఆ బలమే డబ్బు, ఓటు, పలుకుబడి అయింది. దిగువ చిన్నరైతు ఎంత కష్టపడినా ఆ లోటు పూడదు.

ఇక భూమి లేని కుటుంబాలు. దేవదుర్గ, లింగసుగూరు లాంటి మెట్ట ప్రాంతాల నుంచి నాట్లకు, కోతలకు ఆడవాళ్లు గుంపులుగా వచ్చేవాళ్లు. వరి వాళ్లకు కొన్ని వారాల కూలి ఇచ్చింది. కోత యంత్రాలు వచ్చాక కోతకాలపు కూలి ఎగిరిపోయింది. కౌలుదారు పరిస్థితి మరో రకం. 1974లో సవరించిన కర్ణాటక భూసంస్కరణల చట్టం కౌలును దాదాపు పూర్తిగా నిషేధించింది. దున్నేవాడికే భూమి దక్కాలన్నది దాని ఉద్దేశం. చాలామంది పాత కౌలుదార్లకు అది నిజంగా భూమి ఇచ్చింది. కానీ కాలువ కింద గుత్తకు ఇచ్చి పుచ్చుకోవడం ఆగలేదు, నోటి మాట మీదకు మారింది. కాగితం లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, వరదో కరువో వస్తే పరిహారం పట్టాదారు పేరునే పడుతుంది. పెట్టుబడికి మిల్లరో, కమీషన్ వ్యాపారో దిక్కు. పంట ఆ అప్పు ఉన్నచోటికే చేరుతుంది. భూమి ఎవరిదైనా, చేనుకు పెట్టుబడి పెట్టే చిన్నరైతు ఎవరో ప్రభుత్వ పుస్తకంలో కనిపించాలి. ఈ ఒక్క పనీ జరగకుండా ఆయకట్టు సంస్కరణల గురించి ఎంత మాట్లాడినా చేనుదాకా రాదు.

క్యాంపు అన్న మాట తెలుగువాళ్లకే పరిమితం కాలేదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు సింధనూరు తాలూకాలోనే పునరావాస కాలనీలు వేసి, భూములిచ్చారు. వాళ్లు డబ్బుతో కాక ప్రభుత్వ ఆదేశంతో వచ్చారు. ఒకే నీటి కింద ఇద్దరి ఆర్థిక స్థితీ ఎంత వేరుగా నడిచిందో చూస్తే, నీళ్లకంటే ముందు చేతిలో ఉండాల్సిన రొక్కం విలువ తెలుస్తుంది.

వరి తెచ్చిన మరో ఖర్చు నేలే భరిస్తోంది. ఏడాదికి రెండు కార్లు నీళ్లు నిలిపిన నల్లరేగడిలో ఊట పైకి లేచి, ఉప్పు పేరుకుని, చవుడు తేలింది. గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రం చవుడు నేలల మీద, భూగర్భ మురుగు కాలువల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. నేల అడుగున గొట్టాలు వేసి ఉప్పు కడిగేసే ఆ పద్ధతి ఫలితమిస్తుంది. ఎకరానికి అయ్యే ఖర్చు మాత్రం చిన్నరైతు ఒంటరిగా మోయగలిగింది కాదు.

జలాశయం కూడా కుంచించుకుపోతోంది. మొదట 133 టీఎంసీలు పట్టిన తుంగభద్రలో పూడిక చేరి ఇప్పుడు 106 టీఎంసీల లోపే నిలుస్తాయి. పోయిన నిలవకు బదులుగా కొప్పళ జిల్లా నవలి దగ్గర సమాంతర జలాశయం ప్రతిపాదన ఏళ్లుగా చర్చలోనే ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారం తిరక్కుండా ఉధృత ప్రవాహంలోనే స్టాప్‌లాగ్‌లనే అడ్డు పలకలు దింపి నీళ్లు ఆపారు. ఆపైన వానలు కలిసొచ్చి ఆ ఏడు జలాశయం మళ్లీ నిండింది. నిండకపోయి ఉంటే దాళ్వా నీళ్ల కోత ముందుగా పడేది సిరివార, మాన్వి చేల మీదే.