గట్టు మీద కూర్చున్న పిల్లలకూ ఒక హాకీ కర్ర

భారతదేశం ఒలింపిక్ హాకీలో తొలి బంగారు పతకం గెలిచింది 1928 మే 26న, ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఆ జట్టు కెప్టెన్ ఒక ఆదివాసీ. ఛోటానాగపూర్ ముండా తెగ బిడ్డ జైపాల్ సింగ్. ఫైనల్ ఆయన ఆడలేదు గానీ, లీగ్ మ్యాచ్‌లలో జట్టును నడిపించింది ఆయనే. తర్వాత ఆదివాసీ మహాసభకు నాయకత్వం వహించి, రాజ్యాంగ సభలో మన తరఫున గొంతెత్తారు. ఆ నాయకుడి చేతిలో మొదట ఉన్నది హాకీ కర్ర అని మన పిల్లలకు తెలియాలి.

ఆయనతో ఆ ఆట ఆగలేదు. ఇప్పటి జార్ఖండ్‌లోని సిమ్‌డేగా, ఖూంటీ, ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాల్లో హాకీ ఊరూరా పాకింది. కొనే స్తోమత లేనివారు అడవి కర్రనే చెక్కుకుని ఆడారు. గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే పోటీలు అక్కడ పేరుపడ్డాయి. సుందర్‌గఢ్ బిడ్డ దిలీప్ తిర్కీ పాన్‌పోష్ క్రీడా హాస్టల్లో తయారై, దేశం తరఫున 400కు పైగా మ్యాచ్‌లు ఆడి, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా నిలిచారు. ఖూంటీ జిల్లా నిక్కీ ప్రధాన్ 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది. సిమ్‌డేగా అమ్మాయి సలీమా టేటే 2024లో భారత మహిళల జట్టు కెప్టెన్ అయింది. ఈ వరస గమనించండి: ముందు ఊరి ఖాళీ స్థలం, తర్వాత హాస్టల్, ఆ తర్వాతే స్టేడియం.

మన గోదావరి వైపూ ఈ మెట్లు ఉన్నాయి. రంపచోడవరం, మారేడుమిల్లి, బుట్టాయగూడెం ఏజెన్సీల్లో కొండరెడ్డి, కోయ పిల్లలకు కర్రా బిళ్ళా కొత్త కాదు. బిళ్ళంగోడులో గాల్లోకి లేచిన బిళ్ళను కొట్టిన చేతికి హాకీ త్వరగానే పట్టుబడుతుంది. చదువుకు హాస్టళ్లు ఉన్నాయి. దిగువన కాకినాడలో 2023 ఫిబ్రవరిలో జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలే జరిగాయి. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత జట్టు గోల్‌కీపర్ అయింది. కావలసిందల్లా హాస్టల్లో మొదటి కర్ర.

ఆ కర్ర ఎవరి చేతికి? ఆటల వేళ గట్టు మీద కూర్చుని మిగతావారి చెప్పులకు కాపలా కాసే పిల్లలు హాస్టళ్లలో మనకు కనిపిస్తారు. ఒకరికి వినపడదు. ఒకరికి ఏదైనా అర్థం కావడానికి సమయం పడుతుంది. 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్, మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఫ్లోర్ హాకీని నడిపింది. అందులో కర్రకు వంపు ఉండదు. బంతి బదులు నడుమ రంధ్రమున్న మెత్తటి బిళ్ళ ఉంటుంది. మైదానంలో జట్టుకు ఆరుగురే. యూనిఫైడ్ పద్ధతిలో వైకల్యం ఉన్నవారూ లేనివారూ ఒకే జట్టుగా ఆడతారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా 30వ సెక్షన్‌లో ఆటల్లో వారికి చోటు కల్పించమంటోంది. ఓరుగల్లు వైపు కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, మేధో వైకల్య విభాగం 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అవకాశం వస్తే మన పిల్లలు ఎంత దూరం వెళ్లగలరో ఆమెను చూస్తే తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి పచ్చిక మైదానం అక్కర్లేదు. తొలి నెల మ్యాచ్ వద్దు. ఎడమ చెయ్యి కర్ర పైకొసన, కుడి చెయ్యి దిగువన పట్టుకోవడం నేర్పాలి. టెన్నిస్ బంతిని రాళ్ల మధ్య నుంచి మెల్లగా నడిపించాలి. కర్ర నడుము దాటి లేవకూడదన్నది మొదటి నియమం. వినపడని బిడ్డ ఉంటే ఈలతోపాటు రంగు జెండా ఊపాలి. నెమ్మదిగా నేర్చుకునే బిడ్డకు ఒకసారి ఒక్క మాటే చెప్పి, చేసి చూపాలి. రోజూ అదే వరసలో నేర్పాలి, రోజూ అదే జోడీదారును ఇవ్వాలి. బంతి అందించే తోటి ఆటగాడు ముందు ఉంటే ఆ బిడ్డకు బెదురు తగ్గుతుంది. జోడీదారుకు ఓర్పు అలవడుతుంది.

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. నడుమ 20 రోజులు. సంఘం పెద్దలు ప్రతి హాస్టల్‌కూ పన్నెండు కర్రలు ఇప్పిస్తే, ఆ 20 రోజులూ సాధన చేయించి, 29న గట్టు మీది పిల్లలనూ కలుపుకుని మ్యాచ్ ఆడించే పూచీ మాది. గెలిచిన జట్టుకు మేకపోతును ఇచ్చే పూచీ మీది.